పాత బండి నేర్పిన పని: హైదరాబాద్–పటాన్‌చెరు దారిలో మోటారు మెకానిక్ విద్య

మోటారు బండి బాగుచేసే పని తెలంగాణలో ప్రధానంగా మూడు చోట్ల సాగింది: ప్రభుత్వ వర్క్‌షాపుల్లో, రోడ్డు పక్క షెడ్లలో, ఐటీఐల్లో. జీతాలు, నియమాలు, నేర్పే తీరు ఒక చోటికీ ఇంకో చోటికీ పొంతన లేకపోయినా ఒక విషయంలో మూడూ ఒకటే. పని నేర్చుకోవడానికి వచ్చినవాడి చేతికి ముందు దొరికేది పాత బండే. కొత్త బండి ఇంజన్ విప్పమని కొత్తవాడికి ఎవరూ పానా అందించరు. పాడైనా ఫర్వాలేదనుకున్న బండి, కండెమ్ చేసి మూలన పెట్టిన బండి, వాడకం తప్పినా యజమానికి మనసు చావని బండి, ఇవే ఈ వృత్తికి పాఠ్యపుస్తకాలయ్యాయి. పాత కార్ల ప్రియులు సంఘంగా ఏర్పడి, ఆటోమొబైల్ పని చదివే విద్యార్థులకు అండగా నిలిచే పద్ధతి కొన్ని దేశాల్లో స్థిరపడింది. దాని వెనుక ఉన్నదీ ఈ సంగతే.

సంగారెడ్డి జిల్లాలో ఈ చరిత్ర ఆనవాళ్లు కొద్ది దూరాల్లోనే పరుచుకుని ఉన్నాయి.  పటాన్‌చెరు మీదుగా హైదరాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు పోయే 65వ జాతీయ రహదారి, అంతకుముందు 9వ నంబరు రహదారి, దశాబ్దాలుగా లారీల దారి. ఆ దారి పొడవునా రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ, జహీరాబాద్‌లో మహీంద్రా వాహనాల కర్మాగారం ఉన్నాయి. ఈ జిల్లాలోనే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఉంది. అయితే మోటారు పని ఈ ప్రాంతపు పరిశ్రమల్లో పుట్టింది కాదు. హైదరాబాద్ నగరంలో పుట్టి, పెరిగి, ఆ రోడ్డు వెంట ఇటు నడిచింది.

సంస్థానం రోజులు

హైదరాబాద్ సంస్థానంలోకి మోటారు కారు మొదట వచ్చింది ప్రభువుల కోసం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ కాలపు కార్లలో బాగా పేరుపడింది. 1912 నాటి ఈ పసుపుపచ్చ కారులో వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూయడంతో అది ఆయన కొడుకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఊరేగింపులకే తప్ప పెద్దగా బయటికి రాని ఆ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు కనిపిస్తుంది.

ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వంటి కంపెనీలు ఇంజన్, చాసిస్ వరకే తయారుచేసేవి. పైన బాడీ కట్టేవాళ్లు వేరు. నిజాం కారు బాడీ లండన్‌లోని బార్కర్ కంపెనీ పనితనం. గుర్రపు బగ్గీలు కట్టిన చేతులే మోటారు బాడీలకు మళ్లాయి. కొయ్య చట్రం అమర్చడం, దాని మీద రేకును సుత్తితో వంచి తొడగడం, పూతల మీద పూతలుగా రంగు ఎక్కించడం ఆ పనిలోని మెట్లు. ఇంజన్ మెకానిక్, బాడీ పనివాడు అన్న విభజన అలా మొదలైంది. ఈనాటి షెడ్లలో మెకానిక్ ఒకరు, టింకరింగ్ చేసేవారు ఒకరు, పెయింటర్ ఒకరు ఉండటం ఆ పాత విభజన కొనసాగింపే.

మోటారు పని పెద్ద ఎత్తున వ్యవస్థగా మారింది బస్సులతో. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతుల్లోంచి తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, రైల్వేలోనే ఒక శాఖగా రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. మొదట ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ బస్సులు స్కాట్లాండ్‌లోని ఆల్బియన్ కంపెనీవి. విడిభాగం కావాలంటే ఓడలో రావాలి. ఓడ వచ్చేదాకా బస్సు ఆగకూడదు కాబట్టి అరిగిన భాగాన్ని పారేయకుండా ఇక్కడే మళ్లీ పనికొచ్చేలా చేసుకోవలసి వచ్చింది. రైల్వే అప్పటికే లేత్ పని, కమ్మరి పని, పోత పని తెలిసిన వర్క్‌షాపులు నడుపుతోంది. పనివాళ్ల కింద కుర్రాళ్లను పెట్టి నేర్పించే అలవాటు కూడా రైల్వేలది. రోడ్డు రవాణా రైల్వే కడుపున పుట్టడం వల్ల ఇక్కడి మోటారు మెకానిక్‌కు ఆ క్రమశిక్షణ వారసత్వంగా అందింది.

ఈ విభాగం 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖగా మారింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో చాలాకాలం కనిపించిన ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని బాగుచేయించి ముషీరాబాద్‌లోని బస్ భవన్ దగ్గర ఉంచారు. తెలుగు నేల మీద ఒక ప్రభుత్వ సంస్థ తన పాత బండిని గుర్తుగా కాపాడుకున్న అరుదైన సందర్భం అది.

ఆల్విన్ నుంచి జహీరాబాద్ దాకా

హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ 1942లో మొదలైంది. సంస్థానం పారిశ్రామిక నిధి, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి దీన్ని స్థాపించాయి. తరవాతి తరం ఆల్విన్ అనగానే ఫ్రిజ్‌ను, చేతి గడియారాన్ని గుర్తుచేసుకుంటుంది. మోటారు వృత్తికి సంబంధించినంతవరకు దాని ముఖ్యమైన పని సనత్‌నగర్‌లో బస్సు బాడీలు కట్టడం. హైదరాబాద్ వీధుల్లో తిరిగిన డబుల్ డెక్కర్లు దాని పేరుతో ముడిపడ్డాయి. చాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది అన్న పాత పద్ధతే ఇక్కడ ఫ్యాక్టరీ స్థాయిలో సాగింది. వెల్డింగ్, రివెట్ కొట్టడం, రేకు పని, రంగు పని తెలిసిన కార్మికులు ఒక తరం మొత్తం అందులో తయారయ్యారు.

1980ల్లో జపాన్ కంపెనీల సాంకేతిక సహకారంతో తేలికపాటి వాణిజ్య వాహనాలు తయారుచేసే నాలుగు సంస్థలు దేశంలో పుట్టాయి. డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దాలతో పాటు నాలుగోది ఆల్విన్ నిస్సాన్. దాని కర్మాగారాన్ని జహీరాబాద్‌లో కట్టారు. ఆ దశాబ్దం చివర్లో దాన్ని మహీంద్రా తీసుకుంది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు, చిన్న వాణిజ్య వాహనాలు తయారవుతున్నాయి. ఆల్విన్ మూతపడినా దాని కొమ్మ ఒకటి ఉమ్మడి మెదక్ జిల్లాలో వేరూనింది.

హైదరాబాద్‌కూ జహీరాబాద్‌కూ మధ్యలో ఉన్న పటాన్‌చెరు ప్రాంతం అంతకు ముందే మారడం మొదలుపెట్టింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ 1960ల్లో వచ్చింది. 1972లో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. 1970ల నడుమ నుంచి పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఆధ్వర్యంలో పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడలు వెలిశాయి. 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి పునాది పడింది. సైన్యం వాడే ‘శరత్’ పదాతిదళ పోరాట వాహనాలు అక్కడ 1987 నుంచి తయారవుతున్నాయి. ఫ్యాక్టరీలతో పాటు లారీలు, ట్యాంకర్లు, కంపెనీ బస్సులు వచ్చాయి. వాటి వెనకే షెడ్లూ వచ్చాయి.

షెడ్డు, ఉస్తాద్

షెడ్డులో చదువుకు సిలబస్ ఉండదు, వరస ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లవాడు ముందు నట్లూ బోల్టులూ కిరోసిన్‌లో కడుగుతాడు. కడుగుతూనే ఏ నట్టు ఎక్కడిదో గుర్తుపట్టడం మొదలవుతుంది. తరవాత ఉస్తాద్ అడిగిన పానా అడిగిన వెంటనే అందించాలి. సైజు చెప్పకుండా చెయ్యి మాత్రమే చాపినా సరైన పానా అందించగలిగిన రోజున వాడికి పని కొంత పట్టుబడినట్టు లెక్క. ఆ తరవాత చక్రాలు విప్పడం, గ్రీజు పెట్టడం, కమాను పట్టీలు దించడం, బ్రేకులు సర్దడం వస్తాయి. ఇంజన్ దించే పని ఏళ్ల తరవాతి మాట. హైదరాబాద్ షెడ్ల భాషలో ఉర్దూ మాటలు ఎక్కువగా ఉండటానికి కారణం వృత్తి అక్కడి పాతబస్తీ ఉస్తాదుల చేతుల్లో పెరగడమే.

ఈ చదువుకు నాలుగు దశాబ్దాల పాటు రెండు కార్లు ఆధారమయ్యాయి. 1950ల చివర్లో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ ఒకటి. ఫియట్ 1100గా వచ్చి, తరవాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు రెండోది. మోడల్ పేర్లు మారినా లోపలి నిర్మాణం పెద్దగా మారలేదు. కొనేవారికి అది విసుగు పుట్టించినా నేర్చుకునేవారికి మేలు చేసింది. తండ్రి నేర్చిన పని కొడుక్కీ పనికొచ్చింది.

ఆ కార్లలో లోపం కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. ఉదాహరణకు పాయింట్ల సంగతి చూడవచ్చు. డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న లోహపు ముక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణాన ఇగ్నిషన్ కాయిల్‌లో ఎక్కువ వోల్టేజీ పుట్టి, స్పార్క్ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ వస్తుంది. అంబాసిడర్‌లో ఆ రెండు ముక్కల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఎడం తగ్గితే పాయింట్లు కాలిపోతాయి, పెరిగితే వేగంలో ఇంజన్ తడబడుతుంది. సన్నని ఉక్కు రేకుల గేజ్ దూర్చి, అది కొంచెం పట్టుగా కదిలేలా సర్దితే బండి మాట వింటుంది. ఈ ఒక్క పనిలో విద్యుత్తు, అయస్కాంతత్వం, కొలత, సమయం అన్న నాలుగు పాఠాలు ఉన్నాయి. వాటి పేర్లు తెలియకుండానే ఆ నాలుగింటినీ చేతితో నేర్చుకున్న మెకానిక్‌లు వేలల్లో ఉన్నారు.

షెడ్డు చదువుకు లోటూ ఉంది. బడి మానేసిన పిల్లలే ఎక్కువగా అందులో చేరేవారు. పని వచ్చినా చేతిలో కాగితం ఉండేది కాదు. ఉస్తాద్‌కు తెలిసినంతే శిష్యుడికి తెలిసేది. ఆయన ఎప్పుడూ చూడని ఇంజన్ వస్తే ఇద్దరూ ఒకే చోట ఆగిపోయేవారు.

ఐటీఐ, అప్రెంటిస్ చట్టం

ఆ లోటు తీర్చడానికి ప్రభుత్వం ఎంచుకున్న దారి ఐటీఐ. కేంద్రం 1950లో చేతివృత్తి శిక్షణ పథకాన్ని మొదలుపెట్టింది. 1956లో ఐటీఐల నిర్వహణను రాష్ట్రాలకు అప్పగించింది. మోటారు వాహన మెకానిక్ కోర్సు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ కోర్సు ఒక ఏడాది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం నిర్ణీత పరిశ్రమలు శిక్షణార్థులను తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి, పని నేర్పాలి. బీహెచ్‌ఈఎల్, ఆయుధ కర్మాగారాలు, ఆర్టీసీ డిపోలు అలా అప్రెంటిస్‌లకు బడులయ్యాయి. పల్లెల నుంచి ఐటీఐ సర్టిఫికెట్‌తో వచ్చిన యువకుడికి పటాన్‌చెరు దారి ఉద్యోగాల దారిగా కనిపించడం ఆ తరవాతి కథ.

ఐటీఐలోనూ బోధన పాత బండి చుట్టూనే తిరిగింది. ఇంజన్‌ను అడ్డంగా కోసి, లోపలి భాగాలకు వేరువేరు రంగులు పూసి నిలబెట్టిన ‘కట్ సెక్షన్’ ప్రతి మోటారు విభాగంలో కనిపించే బోధన సామగ్రి. దాని చుట్టూ నిలబడితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వులు ఎక్కడుంటాయో ఒక్క చూపులో తెలుస్తుంది. విప్పి బిగించడానికి వాడకం తప్పిన ఇంజన్లు ఉంటాయి. ఎంతమంది విప్పినా పోయేదేమీ ఉండదు.

చిక్కు తరవాత వచ్చింది. 2000 నాటికి మారుతి 800లో కూడా కార్బొరేటర్ పోయి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. భారత్ స్టేజ్ ఉద్గార నియమాల్లో మూడో దశ హైదరాబాద్‌కు 2005లో, నాలుగో దశ 2010లో వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా ఆరో దశ అమలైంది. ప్రతి మెట్టుతో సెన్సర్లు పెరిగాయి. లోపం ఏమిటో స్కానర్ తెరమీద కోడ్‌గా చెప్పే రోజులు వచ్చాయి. కొత్త బండి వ్యవస్థలకు ఐటీఐ పాత ఇంజన్లు చాలలేదు. అలాగని స్కానర్ ఒక్కదానితో నేర్చినవారికి ఆ కోడ్ ఎందుకొచ్చిందో ఊహించే శక్తి అలవడదు. సెన్సర్ కొలిచేది గాలి, ఇంధనం, నిప్పురవ్వలనే. వాటిని ఒక్కసారైనా చేతితో సర్ది చూసినవారికి కోడ్ వెనకున్న కారణం త్వరగా తడుతుంది. పాత కారు బోధనలో ఇప్పటికీ నిలవడానికి గట్టి కారణం ఇదే.

పాత కార్ల సంఘాలు

పాత కారును వస్తువుగా కాక వారసత్వంగా చూసే సంఘాలు ఐరోపా, అమెరికాల్లో 1930ల్లో పుట్టాయి. బ్రిటన్‌లో వెటరన్ కార్ క్లబ్ 1930లో, అమెరికాలో యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ 1935లో ఏర్పడ్డాయి. వివిధ దేశాల సంఘాలు కలిసి 1966లో ‘ఫీవా’ అనే అంతర్జాతీయ సమాఖ్యగా కూడాయి. పాత వాహనాన్ని ఎలా కాపాడాలో చెప్పే ట్యూరిన్ ఛార్టర్‌ను రూపొందించింది ఈ సమాఖ్యే. వీలైనంతవరకు అసలు భాగాలను ఉంచాలి, మార్చిన ప్రతిదాన్నీ రాసిపెట్టాలి అన్నది దాని సారం.

భారతదేశంలో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన పాత కార్ల ర్యాలీ ఈ అభిరుచికి జనంలో పేరు తెచ్చింది. 1985లో ముంబైలో వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాద్‌లో డెక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంఘాలు సంస్థానం కాలపు కార్లనూ, అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ తరాలనూ ప్రదర్శనలకు తెస్తున్నాయి.

ఇలాంటి సంఘాలన్నిటికీ కొంతకాలానికి ఒకే కొరత ఎదురైంది. కార్లు మిగిలాయి, వాటిని బాగుచేయగలిగినవాళ్లు తగ్గిపోయారు. తెల్లలోహపు బేరింగు పోయగలిగిన చెయ్యి, రేకును చక్రం మీద ఒత్తి వంపు తిప్పగలిగిన చెయ్యి, కొయ్య చట్రం అమర్చగలిగిన చెయ్యి ముసలివైపోయాయి. డబ్బు పెట్టి కారు కొనవచ్చు కానీ, నలభై ఏళ్ల అనుభవం కొనలేరు. అభిరుచి నిలవాలంటే వృత్తి నిలవాలని, వృత్తి నిలవాలంటే విద్యార్థి కావాలని సంఘాలు గ్రహించింది అప్పుడే.

ఈ దారిలో బాగా తెలిసిన సంస్థ అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని మెక్‌ఫర్సన్ కాలేజీ. స్థానిక వ్యాపారి ఒకరు తన పాత కార్లను కాలేజీకి ఇవ్వడంతో 1976లో అక్కడ కార్ల పునరుద్ధరణ కోర్సు మొదలైంది. తరవాత అది నాలుగేళ్ల డిగ్రీగా ఎదిగింది. కార్ల సంఘాలు, ప్రదర్శనల నిర్వాహకులు, సేకరణకర్తలు అక్కడి విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. కార్లు, విడిభాగాలు దానం చేస్తారు. వేసవిలో తమ వర్క్‌షాపుల్లో పని ఇస్తారు. విద్యార్థులు ఏళ్ల తరబడి బాగుచేసిన 1953 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ కారు 2023లో పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో తన తరగతిలో రెండో స్థానం సాధించింది. బ్రిటన్‌లో పాత వాహనాల సంఘాల సమాఖ్య అప్రెంటిస్ కోర్సు రూపుదిద్దడంలో పాలు పంచుకుంది. వెనకటి బైసెస్టర్ వైమానిక స్థావరంలో ఇప్పుడు యువకులు పాత కార్ల పని నేర్చుకుంటున్నారు.

ఈ సాయంలో నగదు ఒక భాగం మాత్రమే. వాడకంలో ఉన్న పాత కారు చూపించడం, పనిముట్లు ఇవ్వడం, రిటైరైన మెకానిక్‌ను తరగతికి తీసుకురావడం, విద్యార్థి చేసిన పనిని పదిమంది ముందు ప్రదర్శనలో నిలబెట్టడం మిగిలిన భాగాలు. షెడ్డులోని ఉస్తాద్ పద్ధతికి కాగితం, జీతం, సిలబస్ జోడిస్తే వచ్చే రూపం దాదాపు ఇదే.

చట్టం, ఇప్పటి స్థితి

పాత కార్లకు దేశంలో ప్రత్యేక గుర్తింపు 2021 జూలైలో వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని రెండు, నాలుగు చక్రాల బండి వింటేజ్ వాహనం. దాని నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ ప్రయాణాలకు ఆ బండి నడపకూడదు. ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతులు, ఇంధనం నింపుకోవడంతో పాటు సాంకేతిక పరిశోధనకూ దాన్ని రోడ్డు మీదికి తేవచ్చు. అసలు రూపం చెడకూడదన్న షరతు వల్ల ఈ బండ్లకు వాటి కాలపు పని తెలిసిన మెకానిక్ తప్పనిసరి అయ్యాడు.

మరోవైపు ఐటీఐలు కొత్త వాహనాల వైపు నడుస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయల వ్యయంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో ప్రారంభించింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీ 2008లో మొదలై, సొంత ప్రాంగణం సిద్ధమయ్యేదాకా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో నడిచింది. డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘తిహాన్’ కేంద్రం 2022లో కందిలోనే మొదలైంది. కమాను పట్టీలు దించే షెడ్డు, తనంతట తాను నడిచే కారు ఒకే రహదారి వెంట ఉన్నాయి.

పాత బండికీ విద్యార్థికీ ఉన్న సంబంధం తెలంగాణలో సంస్థ రూపంలో కనిపించేది మాత్రం ఆర్టీసీలో. హకీంపేట, వరంగల్‌లలో ఆ సంస్థ సొంతంగా ఐటీఐలు నడుపుతూ మోటారు మెకానిక్, డీజిల్ మెకానిక్ వంటి పనులు నేర్పిస్తోంది. ఓడలో రావలసిన విడిభాగాల కోసం ఆగలేక, ఉన్న బండినే విప్పి పని నేర్చుకున్న 27 బస్సుల విభాగం వారసత్వం అలా బడిగా కొనసాగుతోంది.